జోసెఫ్ తిన్న చేప

సత్యనారాయణ గారు కంచం ముందు కూర్చుని, అన్నం కలపకుండానే చెయ్యి కడిగేసుకోవడం ఇది ఐదో పూట.

"ఒంట్లో నలతగా ఉందేమో కనుక్కోమను," అంది అచ్చాయమ్మ, పొయ్యి మీది పాలగిన్నె వైపు చూస్తూ.

ఆ మాట కూతురు హారతి కోసం. రెండు రోజులుగా ఆవిడ కూతురితో సూటిగా మాట్లాడటం మానేసి, చెప్పదలుచుకున్నదంతా గిన్నెలకీ గోడలకీ చెబుతోంది. గిన్నెల సంగతి తెలియదు కానీ, హారతికి మాత్రం అన్నీ వినపడుతున్నాయి.

"నలతేం లేదు. ఆకలి లేదు, అంతే," అన్నారాయన. తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని వీధి వరండాలోకి వెళ్లిపోయారు.

ఆకలి లేకపోవడమేమిటి? ముప్పై నాలుగేళ్లు చేపల శాఖలో చేసి రిటైరైన మనిషి. చేప లేనిదే ముద్ద దిగదని చుట్టాలంతా ఆటపట్టించే మనిషి. నిన్న మధ్యాహ్నం అచ్చాయమ్మ పండుగప్ప పులుసు పెట్టి, మూత తీసి ఎదురుగా పట్టుకుని నిలబడింది. ఆయన పరాయి ఇంటి గిన్నెలోకి చూసినట్టు చూసి, తల తిప్పుకున్నారు. ఆ పులుసు రాత్రికి పనిమనిషి ఇంటికి వెళ్లిపోయింది.

గొడవంతా ఒక్క కాగితం వల్ల వచ్చింది.

హారతి చేసే ఉద్యోగం ఏమిటో రాజమండ్రిలో ఆ వీధివాళ్లకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. మేడ మీది గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, ఎక్కడో నైరోబీలో ఉన్నవాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడుతుందని మాత్రం తెలుసు. ఆఫ్రికా దేశాల్లో సర్కారు ఆఫీసుల అవినీతి గురించి జనం ఏమనుకుంటున్నారో కొలిచే సంస్థ అది. అవినీతిని కొలవడం చేపల్ని తూచినంత సులువు కాదు. పుచ్చుకున్నవాడు రసీదు ఇవ్వడు, ఇచ్చుకున్నవాడు బయటికి చెప్పుకోడు. అందుకని ఊరూరా తిరిగి జనాన్నే అడుగుతారు, మీకేమనిపిస్తోందని.

సత్యనారాయణ గారికి అదంటే మహా గర్వం. పొద్దున్నే గోదావరి గట్టు మీద నడిచేటప్పుడు, మా అమ్మాయి ఏడు దేశాల అవినీతి కొలుస్తోందండీ అని చెప్పుకునేవారు. మన మండలం ఒక్కటి కొలిస్తే ఆ ఏడూ అందులోనే సరిపోతాయి కదండీ అని పక్కవీధి బుజ్జిబాబు గారు అంటే, ఆయనే ముందుగా నవ్వేవారు. ఆ నవ్వడంలో కూడా ఒక ధీమా ఉండేది. మండలమంతా ఎలా ఉన్నా తాను ఆ లెక్కలోకి రానన్న ధీమా.

ఏడాదిగా ఆ సంస్థ కాగితాలన్నీ ఆయన చేతిలోంచే వెళుతున్నాయి. ఎర్ర పెన్ను పట్టుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, కూతురు రాసిన ఇంగ్లీషులో తప్పులు దిద్దుతారు. దిద్దుతూ దిద్దుతూ ఆ పని కిటుకులు కూడా కొన్ని నేర్చుకున్నారు.

ఆ కిటుకుల్లో ఒకటి కథలు. అవినీతి అనే మాట తూకం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఒకచోట టీ తాగించడం కూడా తప్పే, ఇంకోచోట అది మర్యాద. మరి మలావీలో ఒకాయన ఇచ్చిన మార్కుల్నీ, ఘనాలో ఒకావిడ ఇచ్చిన మార్కుల్నీ పక్కపక్కన పెట్టేదెలా? అందుకని అన్ని దేశాల్లోనూ ముందుగా అవే ఆరు చిన్న కథలు చెబుతారు. ఒక్కో కథలో ఒక్కో అధికారి. ఇతను ఎంత అవినీతిపరుడో సున్నా నుంచి పది వరకు చెప్పమంటారు. సున్నా అంటే మచ్చలేనివాడు, పది అంటే నిలువునా కుళ్లినవాడు. దాన్నిబట్టి ఏ ఊరి తూకం ఎలాంటిదో తెలుస్తుంది.

ఆ ఆరు కథలూ రాసింది హారతే, ఆయన దిద్దడం మొదలుపెట్టక ముందే. మూడు రోజుల కిందట, వాటికి ఏడు దేశాల్లో నాలుగు వేల మంది ఇచ్చిన మార్కులు వచ్చాయి. ఎప్పటిలాగే ఆ కట్ట తండ్రి బల్ల మీద పెట్టి మేడెక్కింది.

మొదటి కథ ఇది. జోసెఫ్ ఒక తీరపట్టణంలో చేపల శాఖ అధికారి. ఎవరినీ ఏమీ అడగడు. ఎవరి కాగితమూ ఒక్కరోజు ఆపడు. చేపలవాళ్లకు కాగితం ఇచ్చేటప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడి ఇస్తాడు. పని అయ్యాక వాళ్లు ఆయన ఇంటికి వెళ్లి, ఆయన భార్య చేతిలో ఒక మంచి చేప పెట్టి వస్తారు. ఆమె తీసుకుంటుంది. ఆ పూట భోజనంలో జోసెఫ్ ఆ చేప తింటాడు.

లేచి నిలబడి కాగితం ఇచ్చే ఆఫీసర్లు ప్రపంచంలో ఎందరున్నారో కానీ, సత్యనారాయణ గారికి తెలిసినవాడు ఒక్కడే.

ఆ కథ కింద సగటు మార్కు ఆరున్నర అని ఉంది. దాని కింద, సరస్సు ఒడ్డున వల అల్లుకునే ఒకామె అన్న మాటని ఉన్నదున్నట్టు రాశారు. 'ఆ చేప తిన్నప్పుడు ఎక్కడిదని అడిగాడా?' ఆ మాట కింద సత్యనారాయణ గారు ఎర్ర పెన్నుతో గీత గీశారు. అందులో దిద్దడానికి తప్పేమీ లేదు.

*

"కన్నతండ్రిని నాలుగు వేల మంది ముందు నిలబెట్టిందని చెప్పు," అంది అచ్చాయమ్మ పాలగిన్నెతో.

"నాతోనే చెప్పమ్మా. ఇక్కడే ఉన్నాను."

ఆ మాటతో ఆవిడ నిజంగానే ఇటు తిరిగింది. రెండు రోజులు గిన్నెలకు చెప్పిందంతా అయిదు నిమిషాల్లో కూతురికి చెప్పింది. వలలో నాలుగు చేపలు పడితే ఒకటి తెచ్చి అమ్మగారికి పెట్టడం ఏ దేశంలో లంచం? తను మాత్రం ఊరికే తీసుకుందా? చేప తెచ్చిన మనిషిని అన్నం తినకుండా పంపిందా ఏనాడైనా? చేపలు తెచ్చే మరిడమ్మ కూతురి పెళ్లికి చీర పెట్టింది, మనవడి బాలసారెకి వెండి మొలతాడు పెట్టింది. అవి ఆ కథలో ఎందుకు రాయలేదు? జోసెఫ్ పెళ్లాం చెయ్యి చాచడం రాసింది కానీ, ఆ చెయ్యి పెట్టడం రాయలేదేం?

"నువ్వు తప్పు చేశావని నేను రాయలేదమ్మా."

"మరేమని రాశావు?"

వరండాలో పడక్కుర్చీ కిర్రుమన్న చప్పుడు ఆగిపోయింది. తండ్రి వింటున్నారని ఇద్దరికీ తెలుసు.

"ఆరు కథల్లో మొదటిది మచ్చలేనివాడి కథ కావాలన్నారు," అంది హారతి చివరికి. "అందరూ సున్నా పెట్టే కథ. మంచి ఆఫీసరు ఎలా ఉంటాడో రాయమంటే నాకు ఇంకెవరూ గుర్తు రాలేదు. చేప సంగతి కూడా మంచితనం కిందే రాశాను. అంత అభిమానం జనానికి ఆయనంటే, అని. జనం అలా అనుకుంటారని నాకు తట్టనే లేదు."

ఇంత చదువు చదివి, ఇన్ని దేశాల జనం మనసుల్ని కొలిచే పిల్లకి సొంత వంటింట్లోకి వచ్చిన చేప కనపడలేదు. ఎలా కనపడుతుంది? ఊహ తెలిసినప్పటినుంచి ఆ చేప తిని పెరిగింది. రోజూ చూసే గోడ మీది మరక ఇంటివాళ్లకి కనపడదు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకే కనపడుతుంది.

సత్యనారాయణ గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మూడు రోజులకే ముఖం పీక్కుపోయింది.

"వాళ్లని తప్పుపట్టడానికి లేదు," అన్నారు. "వాళ్లకి నేనెవరో తెలీదు. కథ విని మార్కులేశారు. నన్నెరిగినవాళ్లని అడగాలి. మరిడమ్మని అడుగు."

"నాన్నగారూ, ఒక్కరిని అడిగితే అది లెక్కలోకి రాదు."

"మీ లెక్కకి రాదు. నాకు వస్తుంది. పంతొమ్మిదేళ్లు నా ఆఫీసు మెట్లెక్కిన మనిషి. నన్ను ఆవిడ కంటే ఎక్కువగా చూసినవాళ్లు ఎవరూ లేరు. అదే కథ చెప్పు. అదే ప్రశ్న అడుగు. సున్నా అంటే వచ్చి అన్నం తింటాను."

"కాదంటే?" అంది అచ్చాయమ్మ.

ఆయన ఆ మాట విననట్టే తువ్వాలు భుజాన వేసుకున్నారు. తాను మాత్రం రానన్నారు. తానెదురుగా ఉంటే మరిడమ్మ నిజం చెప్పదనీ, ఏడాది ఆ కాగితాలు దిద్దాక ఆ మాత్రం తనకూ తెలుసుననీ అన్నారు. కథలో ఎవరి పేరూ మార్చొద్దనీ, జోసెఫ్ అనే చెప్పమనీ గట్టిగా చెప్పారు.

ఇల్లు తనకే తెలుసు కాబట్టి తానూ వస్తానంది అచ్చాయమ్మ. ఇల్లు తెలియడం ఒక్కటే కారణం కాదు. మరిడమ్మ నోటి నుంచి ఆ సున్నా తన చెవులతో వినాలని ఆవిడ ఆశ.

*

పొద్దున్నే నరసాపురం బస్సెక్కారు. రావులపాలెంలో బస్సు ఆగగానే పూతరేకుల డబ్బాలు పట్టుకుని ఇద్దరు కిటికీ దగ్గరికి వచ్చారు. అచ్చాయమ్మ ఒక డబ్బా కొంది.

అది ఇప్పుడే ఇవ్వకూడదని హారతి చెప్పింది. ప్రశ్న అడిగే ముందు ఏదైనా చేతిలో పెడితే, పుచ్చుకున్నవాళ్లు మనకు నచ్చే సమాధానమే చెబుతారు. అన్నీ అయ్యాక ఇవ్వొచ్చు.

"ఇన్నేళ్ల తర్వాత చేతులూపుకుంటూ ఎలా వెళతామే?"

"అందుకేనమ్మా వద్దంటున్నది."

అచ్చాయమ్మ డబ్బాని సంచిలో అడుగుకి తోసి కిటికీలోంచి బయటకు చూడసాగింది. బస్సు సిద్ధాంతం వంతెన ఎక్కింది. దాటాక, ఆవిడ తనలో తాను అనుకుంటున్నట్టుగా అంది, ఏదైనా పట్టుకొస్తేనే గదా వచ్చిన మనిషికి మన మీద ప్రేముందని తెలిసేది అని. తల్లి అన్నది తప్పు కాదు. ఆఫీసు లేని ఇళ్లలో అది నూటికి నూరుపాళ్లు నిజం.

నరసాపురంలో దిగి ఆటో మాట్లాడుకున్నారు. మొగల్తూరు దాటాక సరుగుడు తోటలు మొదలయ్యాయి. వాటి చివర, ఇసకలో, పాతిక ఇళ్ల పేట.

మరిడమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. అరవై దాటిన మనిషి, నడుం కాస్త వంగింది. ఆటోలోంచి దిగినవాళ్లని చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, గుర్తుపట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"ఆయ్, అమ్మగోరూ. రండి రండి. పాపగోరు ఎంత ఎదిగిపోయారండి. సారుగోరు బాగున్నారాండి?"

సారు బాగున్నారని చెప్పింది అచ్చాయమ్మ. మరిడమ్మ వెంటనే కోడలు ఉషారాణిని కేకేసి, చినబాబు పొద్దున తెచ్చినవాటిలో పెద్దది తీసి ఐసులో పెట్టమంది, అమ్మగోరు వెళ్లేటప్పుడు పట్టుకెళతారని. కొడుకు చినబాబు వేట నుంచి వచ్చి నిద్రపోతున్నాడు.

"ఇవాళ వద్దు మరిడమ్మా," అంది అచ్చాయమ్మ. పంతొమ్మిదేళ్లలో ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

అడిగేటప్పుడు పక్కన ఇంకెవరూ ఉండకూడదని హారతి దారిలోనే తల్లికి చెప్పింది. అచ్చాయమ్మ ఉషారాణితో పాటు వంటపాకలోకి వెళ్లి కూర్చుంది. పాకకీ వాకిలికీ మధ్య ఉన్నది తాటాకు తడిక. తడిక చూపుకి అడ్డం కానీ మాటకి కాదు. ఆ సంగతి హారతికీ తెలుసు.

మరిడమ్మకి అంకెల మార్కులు అలవాటు లేదు. హారతి ఇసకలో ఏరిన పది గవ్వలు అరుగు మీద వరసగా పేర్చింది. ఒక కథ చెబుతాను, అందులో ఆఫీసరు ఎంత చెడ్డవాడని నీకనిపిస్తే అన్ని గవ్వలు పక్కకి జరుపు, మంచివాడే అనిపిస్తే ఒక్కటీ ముట్టుకోకు అంది. ఇది ఆఫ్రికాలో ఒక దేశం కోసమని చెప్పింది. అక్కడా చేపలు పడతారా అని మరిడమ్మ ఆసక్తిగా అడిగింది. పడతారని తెలిసి, పాపం, అంది.

కథ మొత్తం విన్నాక మరిడమ్మ చాలాసేపు గవ్వల వైపు చూసింది. ఒకటి జరిపింది. ఇంకోటి. ఆ తర్వాత ఆలోచించకుండా చకచకా జరిపింది. ఏడు గవ్వలు పక్కకి వచ్చాయి. హారతి కాగితం మీద ఏడు అని రాసుకుంది.

ఎందుకని అడగాలి. అడగడం ఆ పనిలో భాగం.

"ఆయనేమీ అడగలేదు కదా మరిడమ్మా. మరి ఏడెందుకు?"

"అడిగేవోడైతే సులువండి పాపగోరూ," అంది మరిడమ్మ. "ఇంత కావాలంటాడు, మనం అంత లేదంటాం, బేరమాడతాం. ఇచ్చేశాక ఇంకేం లేదు, పని అయిపోద్దని ధైర్యం. అడగనోడితో ఏం బేరమాడతామండి? ఎంత పెడితే చాలో తెల్దు. అందుకని ఇంట్లో ఉన్నదాంట్లో మంచిదే పట్టుకెళ్లాలి. పిల్లలు అది మాకు వండవే అంటే, నోరుముయ్యమని పట్టుకెళ్లాలి."

"మానేస్తే?"

"ముందుగా ఎవరు మానేత్తారండి? అందరూ పట్టుకెళ్లే చోటికి నేనొక్కదాన్నే ఒట్టి చేతుల్తో ఎలా వెళ్లేది?"

ఆవిడ మాటల్లో కోపం లేదు. వాన ఎందుకు పడుతుందో చెబుతున్నట్టుగా చెప్పింది. ఆ తర్వాత, ఎవరూ అడక్కుండానే, మొగుడు వేటకెళ్లి తిరిగి రాని సంవత్సరం సంగతి ఎత్తుకుంది. పడవ పోయింది, వలా పోయింది. వేటలో పోయినవాళ్ల ఇంటికి ఇచ్చే సాయం కోసం కాగితం ఆఫీసుకి వెళ్లింది. పేటలో అందరూ, అమ్మగారింటికి వెళ్లొచ్చావా అని అడిగారు.

"వేటకెళ్లే మడిసి లేకపోతే ఇంట్లో చేపెక్కడిదండి? బజారుకెళ్లి కొన్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను చేప కొనడం అదే. అమ్మినోళ్లు కూడా నన్ను వింతగా చూశారండి. పొద్దెక్కిపోయింది, ఐసు లేదు, రెండు బస్సులు మారి పట్టుకెళ్లాను. చేప కాత్త మెత్తబడ్డాదండి. అక్కడ మెత్తబడిందన్న మాట వినగానే నాకు భయమేసిందండి. సారుకి రుచించకపోతే కాగితం ఆగిపోద్దేమో అని పది రోజులు నిద్దరలేదు."

"ఆగిందా?"

"లేదండి. చెప్పిన రోజుకే వచ్చేసింది. సారుగోరు లేచి నిలబడి ఇచ్చారు."

తడిక వెనక చెంబు కింద పడిన చప్పుడైంది. అచ్చాయమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడ ముఖం చూడలేక హారతి తల వంచుకుంది.

ఆ రోజు ఆవిడకి గుర్తుంది. బాగా గుర్తుంది. మరిడమ్మని పెరట్లో కూర్చోబెట్టి, పోయినవాడి గురించి చెప్పుకుని ఇద్దరూ ఏడ్చారు. కాఫీ ఇచ్చింది, ధైర్యం చెప్పింది. ఆ తర్వాత చేపని పంపు కింద పెట్టి, మొప్ప ఎత్తి చూసి, 'ఏంటి మరిడమ్మా, ఈసారి మెత్తబడిందే' అంది. చనువుకొద్దీ అంది. ఇంటి మనిషితో అన్నట్టే అంది. ఆ పూటే ఆ చేపని కాస్త చింతపండు ఎక్కువేసి వండింది.

మరిడమ్మ అమ్మగారి ముఖం చూసింది. హారతి వంచిన తల చూసింది. చేతిలో కాగితం చూసింది.

"పాపగోరూ, ఇది సారుగోరి కథాండి?"

అబద్ధం చెప్పలేక హారతి కాగితం బోర్లించింది. అదే సమాధానమైంది. మరిడమ్మ గాభరాగా, రెండు చేతుల్తోనూ, ఏడు గవ్వల్నీ మళ్లీ వరసలోకి తోసేసింది.

"అయ్యో, నేను ఆ జోసెప్పు అనుకున్నానండి. సారుకి సున్నా రాసుకోండి. సారు దేవుడండి. సున్నా రాసుకున్నారా?"

హారతి ఏడు పక్కన సున్నా రాసింది.

అచ్చాయమ్మ పూతరేకుల డబ్బా అరుగు మీద పెట్టి, మరిడమ్మ చెయ్యి పట్టుకుని, ఒక్కసారి నొక్కి వదిలి, వచ్చి ఆటోలో కూర్చుంది. ఆటో కదలబోతుంటే మరిడమ్మ ఇసకలో పరిగెత్తుకుంటూ వచ్చి ఎండురొయ్యల పొట్లం ఒకటి లోపలికి చాపింది. అచ్చాయమ్మ వద్దంది. వద్దనగానే ఆ ముసలి ముఖం పాలిపోయింది.

"ఏవైనా తప్పు మాటాడానాండి అమ్మగోరూ?"

పుచ్చుకోక తప్పలేదు. పుచ్చుకున్నాక గానీ మరిడమ్మ ఆటో మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

*

తిరుగు బస్సులో అచ్చాయమ్మ ఆ పొట్లం ఒళ్లో పెట్టుకుని, పాలకొల్లు దాకా ఏడుస్తూనే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు కాకుండా. హారతి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ తోసెయ్యలేదు.

"మీ నాన్నకి చెప్పకు," అంది కాసేపటికి. "సున్నా అంది. ఆవిడ నోటితోనే అంది. నువ్వు రాసుకున్నావు."

"మొదట చెప్పిందే మేం లెక్కలోకి తీసుకుంటామమ్మా. తెలిశాక మార్చింది భయంతో."

"మీ లెక్క మీ ఆఫ్రికాకి పంపుకో. ఇది మన ఇల్లు. తప్పు నాది, ఆ చెయ్యి నాది, దాన్ని నేను మోస్తాను. ఆయన మూడు రోజులుగా మెతుకు ముట్టలేదు."

నాలుగు వేల మంది మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రాసిన పిల్లకి ఒక్క మనిషి మాట మోయలేనంత బరువైంది. ఆయన తెలుసుకోవాలనే పంపారు. తెలిస్తే ఆయనకి ఏం మిగులుతుంది? ఆస్తి లేదు, పెద్ద పదవి లేదు. ఎవరినీ ఏదీ అడగలేదన్న ఒక్క తృప్తి, అంతే. దాన్ని కూడా లాక్కోవాలా?

వీధి దీపాలు వెలిగే వేళకి ఇల్లు చేరారు. సత్యనారాయణ గారు వరండాలో నిలబడే ఉన్నారు. ఎప్పటినుంచి నిలబడ్డారో.

"సున్నా అందండీ," అంది అచ్చాయమ్మ చెప్పులు విడవకుండానే. "సారు దేవుడంది."

ఆయన కూతురి వైపు చూశారు.

"అవును నాన్నగారూ. సున్నా అంది," అంది హారతి.

అందులో అబద్ధమేమీ లేదు.

సత్యనారాయణ గారు పడక్కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చున్నారు. కళ్లజోడు తీసి, చొక్కా చివరతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత లోపలికి వచ్చి తానే పీట వాల్చుకున్నారు. వేడన్నం, ముద్దపప్పు, ఆవకాయ. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు ఆయన కళ్లు చెమర్చాయి. ఆకలిని ఎంత చంపుకున్నారో, ఆ తినడం చూస్తే తెలుస్తోంది. తింటూ తింటూ మరిడమ్మ ఎలా ఉందని అడిగారు. నడుం వంగిందని విని నొచ్చుకున్నారు.

"నాకు తెలుసు అచ్చాయమ్మా," అన్నారు. "లోకం ఏమనుకున్నా ఆ పేట నన్నెరుగును. రేపు పొద్దున్నే నేనూ వెళ్లొస్తాను. ఆవిడకి ఒక దణ్ణం పెట్టి రావాలి. నా ముప్పై నాలుగేళ్లూ నాకు తిరిగిచ్చింది."

అచ్చాయమ్మ చేతిలో నేతిగిన్నె ఆగిపోయింది. ఆయన వెళితే, ఆ ముసలిది ఆయన కాళ్ల మీద పడుతుంది. ఏడు గవ్వలు జరిపినందుకు తప్పయిపోయిందంటుంది. ఆ సంగతి ఆయనకి అక్కడ, పేట అంతా చూస్తుండగా, ఇసకలో నిలబడి తెలుస్తుంది.

తల్లీ కూతుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. అచ్చాయమ్మ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆ ఊపడం మధ్యలోనే ఆగిపోయింది.

"నాన్నగారూ," అంది హారతి. "మీతో ఒక మాట చెప్పాలి."

సత్యనారాయణ గారు ముద్ద చేతిలో పట్టుకుని కూతురి ముఖంలోకి చూశారు. ఏడాది ఆమె కాగితాలు దిద్దిన మనిషి. కొట్టివేత ఎక్కడుంటుందో ఆయనకి తెలుసు.

"ఆకలిగా ఉందమ్మా," అన్నారు మెల్లగా. "తినేశాక చెప్పు."

అచ్చాయమ్మ అన్నం గిన్నె ఎత్తి, ఆయన వద్దని చెయ్యి అడ్డం పెడుతున్నా ఆగకుండా, ఇంకొంచెం వడ్డించింది.